చెల్లి ఫిట్స్ మందు మార్చమంటున్నారు, కారణం యూరప్ లెక్కలట. మనకి వర్తిస్తాయా?

రాజోలు_అన్నయ్య

అందరికీ నమస్కారం అండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా చెల్లికి తొమ్మిదో తరగతి నుంచీ ఫిట్స్ ఉన్నాయి. సోడియం వాల్ప్రోయేట్ వాడుతోంది, రోజుకి 1000 మిల్లీగ్రాములు. చాలాకాలంగా ఒక్కసారి కూడా రాలేదు. అయినా అమ్మ దాన్ని ఒంటరిగా కాలవ రేవులోకి దిగనివ్వదు, బట్టలు జాడించుకోడానికి వెళ్ళినా ఎవరో ఒకరు గట్టు మీద కూర్చోవాల్సిందే.

ఇప్పుడు సంబంధాలు చూస్తున్నాం. కొత్తగా చూపించిన న్యూరాలజిస్టు గారు "పెళ్ళి చేస్తామంటున్నారు కాబట్టి ఈ మందు మార్చాలి, యూరప్‌లో పెద్ద రిజిస్ట్రీలో తేలింది" అన్నారు. బయట జనం కిక్కిరిసి ఉన్నారు, ఇంకేం అడగలేకపోయాను.

బాగా పనిచేస్తున్న మందుని ఎందుకు కదపాలండీ? అయినా అన్ని దేశాల ఆస్పత్రులు కలిసి లెక్క ఎలా కడతాయి? ఇక్కడ ఒక ఊళ్ళో తీయించిన ఎం.ఆర్.ఐ. పక్క ఊళ్ళో చూడరు, మళ్ళీ తీయించుకు రమ్మంటారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

కాకినాడ_పీజీ

ముందు ఒక మాట. మందు మీ అంతట మీరు ఆపొద్దు, తగ్గించొద్దు. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

మీ డాక్టరు గారు చెప్పింది బహుశా యూరాప్ (EURAP) అనే రిజిస్ట్రీ గురించి. ఫిట్స్ మందులు వాడుతూ గర్భం దాల్చిన వాళ్ళ వివరాలు నమోదు చేసే పట్టిక అది, 1999లో యూరప్ డాక్టర్లు మొదలుపెట్టారు. ఎందుకు కలవాల్సి వచ్చిందంటే, ఏ ఒక్క ఆస్పత్రికైనా ఇలాంటి గర్భిణులు వచ్చేదే తక్కువ, అందులో ఒకే మందు వాడేవాళ్ళు ఇంకా తక్కువ, వాళ్ళకి పుట్టిన బిడ్డల్లో లోపం కనపడేది ఏ ఒకరికో ఇద్దరికో. ఆ ఇద్దర్ని చూసి తప్పు మందుదేనని ఎవరు చెప్పగలరు? పోనీ గర్భిణులకి చీటీలు తీసి నీకీ మందు, నీకా మందు అని ప్రయోగం చేయలేం కదా. అందుకని ఎవరి డాక్టరు ఏ మందు ఇస్తే అదే కొనసాగుతుంది, కానీ అందరూ ఒకే ఫారం ఒకే తీరుగా నింపి పంపుతారు, బిడ్డకి ఏడాది నిండేదాకా చూస్తారు. ఇందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. 16 వారాల లోపు, బిడ్డ ఎలా ఉందో ఇంకా తెలియకముందే పేరు నమోదు కావాలి. లేకపోతే లోపం బయటపడ్డ కేసులే ఎక్కువగా పంపుతారు, లెక్క పాడైపోతుంది.

2018లో ఈ యూరాప్ నుంచి 7,355 గర్భాల లెక్క బయటికొచ్చింది. పుట్టుకతో వచ్చే పెద్ద లోపాలు వాల్ప్రోయేట్‌తో 10.3 శాతం, మిగతా ఫిట్స్ మందుల్లో కార్బమజెపిన్‌తో 5.5, లామోట్రిజిన్‌తో 2.9, లెవెటిరసెటమ్‌తో 2.8. వాల్ప్రోయేట్‌లో డోసు పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరిగింది: రోజుకి 650 మిల్లీగ్రాముల దాకా 6.3 శాతం, అక్కణ్ణుంచి 1450 దాకా 11.3, ఆపైన 25.2. మీ చెల్లి డోసు మధ్య గుంపులోకి వస్తుంది. వందలో దాదాపు 89 మంది బిడ్డలకి అలాంటి లోపం లేదనేది కూడా ఇదే లెక్క, కాబట్టి హడలిపోకండి. అయితే ఆ మందుతో పిల్లల తెలివితేటల మీద కూడా ప్రభావం ఉంటుందని వేరే అధ్యయనాల్లో తేలింది. మార్చేదేదో గర్భానికి ముందే మార్చమనడం అందుకే.

తణుకు_మందులషాపు

తెల్లవాళ్ళ ఒంటి తీరు వేరు, మన ఒంటి తీరు వేరు. వాళ్ళ తిండి, వాళ్ళ బరువు, ఆ లెక్క తెచ్చి కోనసీమ పిల్ల మీద రుద్దితే ఎలా డాక్టరు గారూ? నా కౌంటర్ దగ్గర ఇదే మందు ఏళ్ళ తరబడి వాడుతున్న ఆడవాళ్ళు ఉన్నారు, పిల్లలు బంగారంలా ఉన్నారు.

కాకినాడ_పీజీ

బంగారంలా ఉన్నవాళ్ళే మళ్ళీ మీ కౌంటర్‌కి వస్తారండి, మిగతావాళ్ళు ఎక్కడికి పోయారో మీకెలా తెలుస్తుంది? రిజిస్ట్రీ పెట్టేదే అందుకు. పేరులో యూరప్ ఉన్నా అది ఎప్పుడో దాటి వచ్చేసింది, 2018 లెక్కలో 42 దేశాలున్నాయి. మన దేశం నుంచీ డాక్టర్లున్నారు. తిరువనంతపురం శ్రీచిత్ర ఆస్పత్రి వాళ్ళు కేరళలో 1998 నుంచే ఇలాంటి రిజిస్ట్రీ నడుపుతున్నారు.

మండపేట_అమ్మ

మా బాబుకి ఆరో నెలలో వెస్ట్ సిండ్రోమ్ అన్నారు, పసిపిల్లలకొచ్చే ఒక రకం మూర్ఛ. నిద్ర లేవగానే తల ముందుకి పడేసి చేతులు ఒక్కసారి విదిలించేవాడు, వరసగా. ఉలికిపాటులే అనుకున్నాం, మా అత్తగారు దిష్టి తీశారు. అప్పుడు చదువుకున్నాను, ఆ జబ్బు మందుల మీద చేసిన ఐసిస్ (ICISS) అనే ట్రయల్ గురించి. బ్రిటన్, జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిపి 102 ఆస్పత్రులు, ఏడేళ్ళు కష్టపడితే దొరికింది 377 మంది పిల్లలు! ఆస్పత్రికి నలుగురు కూడా కాదు. హార్మోను మందుతో పాటు విగాబాట్రిన్ అనే మూర్ఛ మందు కలిపిస్తే 72 శాతం పిల్లలకి ఆ కుదుపులు ఆగాయి, హార్మోను ఒక్కటే ఇస్తే 57. కానీ ఏడాదిన్నర వయసుకి ఎదుగుదలలో తేడా కనపడలేదని కూడా వాళ్ళే రాశారు. అది చదివి చాలా బాధపడ్డాను, అయినా దాచకుండా చెప్పారని నమ్మకం కలిగింది.

ఆలమూరు_టు_లియోన్

ఆయ్, నేను ఫ్రాన్స్‌లో లియోన్‌లోనే ఉంటున్నానండి, ఆస్పత్రుల డేటా పని. అరుదైన జబ్బుల కోసం 2017లో యూరోపియన్ యూనియన్ 24 ఆస్పత్రుల నెట్‌వర్కులు పెట్టింది, మూర్ఛది ఎపికేర్, దాన్ని నడిపేది ఈ ఊరి నుంచే. అక్కడ రోగి తిరగక్కర్లేదు, ఫైలు తిరుగుతుంది. సంతకం తీసుకుని, పేరు తీసేసి, ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష), ఎం.ఆర్.ఐ. ఆన్‌లైన్‌లో పెడతారు, నాలుగైదు దేశాల వాళ్ళు కూర్చుని ఆపరేషన్ చేయొచ్చా లేదా మాట్లాడుకుంటారు.

అంతా సాఫీగా సాగుతుందని కాదు. డబ్బు కంటే తలనొప్పి ఫారాలతోనే. ఒకరు "నెలకి నాలుగు" అని రాస్తారు, ఇంకొకరు "అప్పుడప్పుడు" అని రాస్తారు, ఈ రెండింటినీ ఎలా కలపాలి? దానికి తోడు 2018 నుంచి జనాల సొంత వివరాలు కాపాడే జీడీపీఆర్ చట్టం, పరిశోధనకి అనుమతివ్వడానికి దేశానికో ఎథిక్స్ కమిటీ. రాజోలు తమ్ముడూ, పక్క ఊరి స్కాన్ చూడకపోవడం మన రోగం ఒక్కటే కాదు. ఇక్కడ ఏళ్ళ తరబడి కూర్చుని ఒకే ఫారానికి ఒప్పుకుంటే తప్ప కుదరలేదు.

రాజోలు_అన్నయ్య

అందరికీ చాలా థాంక్స్ అండి. మార్చేటప్పుడు ఫిట్స్ మళ్ళీ వస్తే? పెళ్ళివాళ్ళకి చెప్పాలా వద్దా అని ఇంట్లో రోజూ గొడవ.

మండపేట_అమ్మ

చెప్పేయండి బాబూ. మూర్ఛ ఉందని పెళ్ళి చెల్లదనే మాట 1999లోనే హిందూ వివాహ చట్టంలోంచి తీసేశారు, కానీ దాచి చేస్తే ఆ పిల్ల అత్తారింట్లో మాత్ర ఎక్కడ వేసుకుంటుంది, బాత్రూంలోనా?

కాకినాడ_పీజీ

మళ్ళీ వచ్చే అవకాశం ఉంది, అబద్ధం చెప్పను. కొన్ని రకాల మూర్ఛకి వాల్ప్రోయేట్ పనిచేసినట్టు వేరేది పనిచేయదు. అందుకే మీ చెల్లిది ఏ రకమో ముందు అడగండి. లామోట్రిజిన్ ఇస్తే వారాల తరబడి కొంచెం కొంచెంగా పెంచుతారు, ఒంటి మీద దద్దురు కనపడితే అదే రోజు డాక్టరుకి చూపించాలి. ఫోలిక్ యాసిడ్ సంగతీ అడగండి. ఎప్పుడైనా ఫిట్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు, ఇంకొకర్ని ఫోన్‌లో వీడియో తీయమనండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ఎం.ఆర్.ఐ. ఫిల్ము ఒక్కటే తెచ్చుకోకండి, సీడీ కూడా అడిగి తీసుకుని, అక్కడే తెరిపించి చూసుకుని రండి.