క్రాస్ థ్రెడ్ ఎర్రర్ వస్తే ఆ చెక్ ఆపేసుకోమని కొత్తవాళ్లకి చెప్పొచ్చా?

మిర్చి_టిక్కీ

అందరికీ నమస్తే. సీ షార్ప్ మొదలుపెట్టి నాలుగు నెలలైంది. గుంటూరు యార్డులో మా బాబాయికి మిర్చి కమీషన్ కొట్టు ఉంది. కాటా దగ్గర తూకాలన్నీ ఒక సీఎస్‌వీ ఫైల్లో పడతాయి. సీజన్ మొత్తానివి కలిపితే 38 వేల లైన్లు. బటన్ నొక్కితే ఆ ఫైలు చదివి గ్రిడ్‌లో (వరసల పట్టికలో) చూపించే చిన్న విన్‌ఫార్మ్స్ (డాట్ నెట్‌లో విండోలు తయారుచేసే పద్ధతి) ప్రోగ్రాం రాశాను.

మొదట్లో బటన్ నొక్కగానే విండో తెల్లబోయి, పైన 'నాట్ రెస్పాండింగ్' అని పడేది. దాదాపు నిమిషం అలాగే ఉండేది. బాబాయికి టెన్షన్ వచ్చి ఇంకో నాలుగుసార్లు నొక్కేవాడు. నెట్‌లో చూసి ఆ పని మొత్తాన్ని వేరే థ్రెడ్‌లోకి (ప్రోగ్రాంలో పక్కన విడిగా నడిచే ఇంకో పని దారిలోకి) మార్చాను. వెంటనే ఇన్‌వ్యాలిడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్. కంట్రోల్‌ని (బటన్, గ్రిడ్ లాంటిదాన్ని) తయారుచేసిన థ్రెడ్ కాకుండా వేరే థ్రెడ్ ముట్టుకుంది, ఈ క్రాస్ థ్రెడ్ ఆపరేషన్ చెల్లదు అని దాని సారాంశం. మళ్లీ వెతికితే, ఫారం కన్‌స్ట్రక్టర్‌లో 'కంట్రోల్.చెక్‌ఫర్‌ఇల్లీగల్‌క్రాస్‌థ్రెడ్‌కాల్స్ = ఫాల్స్' అని ఒక్క లైను పెట్టమని ఎవరో రాశారు. పెట్టాను. ఎర్రర్ పోయింది. ఇంట్లో బ్రహ్మాండంగా నడుస్తోంది.

కొట్లో మాత్రం రోజుకి ఒకటి రెండుసార్లు గ్రిడ్ మొత్తం తెల్లగా అయిపోయి, ఈ మూల నుంచి ఆ మూలకి పెద్ద ఎర్ర ఇంటూ గుర్తు వస్తోంది. ప్రోగ్రాం మూసి మళ్లీ తెరిస్తేనే పోతుంది. బాబాయి 'వైరస్సేమోరా' అంటున్నాడు. ఆ లైను పెట్టడం తప్పా? నాలాంటివాళ్లు వాడకూడదా?

పాత_వీబీ

తప్పేం కాదు తమ్ముడూ. నేను విజువల్ బేసిక్ 6 రోజుల నుంచి ఇదే పనిలో ఉన్నాను. 2005లో డాట్ నెట్ 2.0 వచ్చేదాకా అసలు ఆ చెక్కే లేదు. 1.0, 1.1లో రాసిన ప్రోగ్రాములు వేరే థ్రెడ్‌ల నుంచే లేబుళ్లు మార్చుకున్నాయి, ఎవరి కొంపా మునగలేదు. నువ్వు బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాయడం లేదు. నాలుగు నెలల పిల్లాడికి సింక్రొనైజేషన్ కాంటెక్స్ట్ గురించి ఉపన్యాసం ఇస్తే రేపు సీ షార్ప్ వదిలేసి పోతాడు.

ఆ ఇంటూ గుర్తు మరీ ఇబ్బంది పెడితే థ్రెడ్ తీసెయ్. లూప్‌లో వంద లైన్లకోసారి అప్లికేషన్.డూఈవెంట్స్ అని పెట్టు. విండో బిగుసుకుపోదు. ముందు పని జరగనీ, నేర్చుకోవడం నిదానంగా చూసుకోవచ్చు.

ఫ్రిస్కో_నుంచి

పెద్దవారు, మన్నించాలి. మీరిచ్చిన రెండు సలహాలతోనూ నాకు పేచీ ఉంది.

ముందు ఆ ఎర్ర ఇంటూ సంగతి. వైరస్ కాదు, బాబాయిగారిని కంగారు పడొద్దనండి. విన్‌ఫార్మ్స్‌లో ఒక కంట్రోల్ తనను తాను గీసుకుంటుండగా ఎక్సెప్షన్ వస్తే, ఇక దాన్ని గీయడం మానేసి అక్కడ ఎర్ర ఇంటూ పెడుతుంది. ఇక్కడ ఒక థ్రెడ్ గ్రిడ్‌లోకి వరసలు ఎక్కిస్తోంది, అదే క్షణంలో విండో థ్రెడ్ (విండోని తయారుచేసి నడిపే అసలు థ్రెడ్) ఆ వరసల్నే లెక్కపెట్టుకుంటూ గీస్తోంది. లెక్క మధ్యలో మారింది. అంతే. ఇది జరగాలంటే సరిగ్గా ఆ క్షణం కుదరాలి, అందుకే రోజుకి ఒకసారో రెండుసార్లో కనిపిస్తోంది.

డూఈవెంట్స్ ఇంకో రకం. అది పెడితే విండో బిగుసుకోదు, నిజమే. ఎందుకంటే లూప్ మధ్యలోనే మౌస్ క్లిక్కులు కూడా అందుకుంటుంది. బాబాయిగారు నాలుగుసార్లు నొక్కే మనిషని ఈ అబ్బాయే చెప్పాడు కదా. మొదటి లూప్ అవ్వకుండానే అదే క్లిక్ మెథడ్ మళ్లీ మొదలవుతుంది, దాని లోపల ఇంకోటి. గ్రిడ్‌లో ఒక్కో టిక్కీ (మిర్చి బస్తా) నాలుగుసార్లు పడితే, కమీషన్ లెక్క ఎవరు సర్దుతారు?

అమీర్‌పేట_మాస్టారు

ఇద్దరి మాటా సగం ఒప్పుకుంటాను. క్లాసులో రోజూ చూసేది చెబుతాను. ఈ ఎర్రర్ వచ్చిన రోజున పిల్లలు మూడు రకాలు. కొందరు ఎర్రర్ మెసేజ్ చదవకుండానే కాపీ చేసి వెతుకుతారు. కొందరు మొత్తం కోడ్‌ని ట్రై క్యాచ్‌లో (ఎర్రర్ వస్తే పట్టుకునే ఏర్పాటులో) పెట్టి క్యాచ్ ఖాళీగా వదిలేస్తారు. మూడో రకం 'సార్ రావట్లేదు' అంటారు. ఏం రావట్లేదో చెప్పరు.

వాళ్లకి మొదటి రోజే అసింక్, అవెయిట్ (పని అయ్యేదాకా విండోని ఆపకుండా ఎదురుచూసే పద్ధతి) చెబితే లైను ఎక్కడ ఆగి ఎక్కడ మొదలవుతుందో అర్థం కాక తలపట్టుకుంటారు. అందుకే నేను బ్యాక్‌గ్రౌండ్‌వర్కర్‌తో మొదలుపెడతాను. డూవర్క్ అనేది వెనక థ్రెడ్‌లో నడుస్తుంది, పని పూర్తయ్యాక వచ్చే ఈవెంట్ విండో థ్రెడ్‌లో వస్తుంది. బోర్డు మీద రెండు గళ్లు గీసి, ఏ లైను ఏ గడిలో నడుస్తుందో చూపించవచ్చు. పాతదే, కానీ పిల్లలకి ఎక్కుతుంది. ఫాల్స్ లైను మాత్రం నా క్లాసులో నిషేధం.

పాత_వీబీ

మాస్టారూ, ఇది మేనేజ్డ్ కోడ్ కదండీ. సీ ప్లస్ ప్లస్‌లో లాగా పాయింటర్ తప్పి మెమరీ పాడైపోయే గొడవ లేదు. రన్‌టైమ్ చూసుకుంటుంది. ఆ ఒక్క చెక్ ఆపితే మహా అయితే ఒక ఎక్సెప్షన్ వస్తుంది. దానికింత భయమెందుకు?

ఫ్రిస్కో_నుంచి

కొత్తవాళ్లందరూ పొరబడేది సరిగ్గా ఇక్కడే, కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

మేనేజ్డ్ అంటే మెమరీ బాధ్యత రన్‌టైమ్‌ది. వాడనిదాన్ని గార్బేజ్ కలెక్టర్ ఊడుస్తుంది, టైపులు తప్పితే పట్టుకుంటుంది. రెండు థ్రెడ్‌లు ఒకే లిస్టు మీద పడి కొట్టుకుంటే విడదీసే బాధ్యత మాత్రం అది తీసుకోలేదు. మామూలు లిస్టుకే ఆ రక్షణ లేదు, గ్రిడ్ వరసలకి ఎక్కడిది?

పైగా మీరు చూసే బటన్, టెక్స్ట్‌బాక్స్ అన్నీ లోపల విండోస్ వాళ్ల విండోలే. డాట్ నెట్ దాని మీద తొడిగిన తొడుగు. విండోస్‌లో ఏ విండో అయినా దాన్ని పుట్టించిన థ్రెడ్‌కే చెందుతుంది, దానికొచ్చే మెసేజీలు ఆ థ్రెడ్ క్యూలోనే పడతాయి. ఆ థ్రెడ్ మెసేజీలు అందుకోకుండా 5 సెకన్లు ఉండిపోతే విండోస్ 'నాట్ రెస్పాండింగ్' అని రాస్తుంది. ఈ పద్ధతి డాట్ నెట్ పుట్టకముందు నుంచీ ఉంది.

వేరే థ్రెడ్ నుంచి లేబుల్ టెక్స్ట్ మార్చితే చాలాసార్లు పనిచేయడానికి కారణం కూడా ఇదే. ఆ మార్పు ఒక మెసేజ్‌గా అసలు థ్రెడ్‌కి వెళ్లి, అది అందుకునేదాకా మీ థ్రెడ్ ఆగుతుంది. అసలు థ్రెడ్ అదే సమయంలో 'నీ పని అయిందా, అయిందా' అని ఖాళీ లూప్ తిప్పుకుంటూ కూర్చుంటే ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ ఉండిపోతారు. ఎక్సెప్షన్ కూడా రాదు.

2005కి ముందు కొంప మునగలేదన్నారు. 1.1లో వెనక థ్రెడ్‌లో ఎవరూ పట్టుకోని ఎక్సెప్షన్ వస్తే ఆ థ్రెడ్ నిశ్శబ్దంగా చచ్చిపోయేది, ప్రోగ్రాం నడుస్తూనే ఉండేది. 2.0 నుంచి ప్రోగ్రాం మొత్తం పడిపోతుంది. మునిగినవి తెలియలేదంతే.

బీటెక్_మూడో_ఏడు

ఒక డౌట్ అన్నా. మా మినీ ప్రాజెక్టులో నేను ఫాల్స్ లైను పెట్టలేదు. అయినా విజువల్ స్టూడియోలో ఎఫ్5 కొడితే ఎర్రర్ వచ్చేది, డీబగ్ ఫోల్డర్‌లో ఎక్స్ఈ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే వచ్చేది కాదు. 'ఎక్స్ఈలో పనిచేస్తోంది కదా, అదే చూపిద్దాం' అనుకుని వైవాకి వెళ్లిపోయాం. ఎందుకలా?

ఫ్రిస్కో_నుంచి

చెల్లీ, ఈ చర్చ మొత్తంలో పనికొచ్చే ప్రశ్న నువ్వే అడిగావు. ఆ చెక్ మొదటి విలువ ట్రూ కాదు, ఫాల్స్ కాదు. డీబగ్గర్ తగిలించి ఉంటే ట్రూ, లేకపోతే ఫాల్స్. ఎఫ్5 కొడితే డీబగ్గర్ ఉంటుంది, డబుల్ క్లిక్ చేస్తే ఉండదు.

దీన్ని మిర్చి తమ్ముడి కొట్టుకి అన్వయించి చూడండి. కొట్లో కంప్యూటర్లో విజువల్ స్టూడియో లేదు, డీబగ్గర్ లేదు. అంటే ఆ చెక్ అక్కడ ఎప్పుడూ ఆపే ఉంది. ఫాల్స్ లైను పెట్టినా, తీసేసినా బాబాయిగారి గ్రిడ్‌కి పూచికపుల్లంత తేడా రాదు. తేడా వచ్చేది ఒక్కచోటే, రాసేవాడి కంప్యూటర్లో. తప్పు చూపించే అవకాశం ఉన్న ఒక్క చోట దాన్ని ఆపేసుకున్నాడు.

పాత_వీబీ

డీబగ్గర్ ఉంటేనే చెక్ అన్న సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. ఇన్నేళ్లూ ఆ లైను ఏదో మేలు చేస్తోందనుకున్నాను. కానీ నా అసలు మాట అలాగే ఉంది. కొత్తవాడికి ఇవాళ సాయంత్రానికి ఏం చేయాలో చెప్పండి. ఇంతవరకు ఎవరూ చెప్పలేదు, పాఠాలే చెబుతున్నారు.

కాల్‌స్టాక్

పాత వీబీ గారి ఫిర్యాదు న్యాయమైనదే. ఇంకొకటి కూడా ఎవరూ అడగలేదు. ఆ నిమిషం ఎక్కడ పోతోంది? 38 వేల లైన్ల టెక్స్ట్ ఫైలు చదవడానికి ఈ రోజుల్లో ఏ కంప్యూటర్‌కీ నిమిషం పట్టదు. థ్రెడ్ కావాలా వద్దా అన్నది ఆ తర్వాతి ప్రశ్న.

తమ్ముడూ, థ్రెడ్ తీసేసి పాత కోడ్ పెట్టు. ఎఫ్5 కొట్టి, బటన్ నొక్కి, విండో బిగుసుకున్నాక విజువల్ స్టూడియోలో డీబగ్ మెనూకి వెళ్లి బ్రేక్ ఆల్ నొక్కు. కాల్ స్టాక్ విండోలో (ఏ మెథడ్‌ని ఏ మెథడ్ పిలిచిందో చూపే జాబితాలో) పైనుంచి కిందికి చూస్తూ, నువ్వు రాసిన మొదటి లైను ఏదో చూడు. ఇలా ఐదుసార్లు చేయి. ఐదింటిలో నాలుగుసార్లు ఎక్కడ దొరికితే దొంగ అక్కడే ఉన్నాడు. ఇంకా నమ్మకం కుదరకపోతే ఫైలు చదివే ముక్కకి ఒక స్టాప్‌వాచ్, గ్రిడ్ నింపే ముక్కకి ఒక స్టాప్‌వాచ్ పెట్టి రెండు అంకెలూ ఇక్కడ రాయి. గ్రిడ్‌లో ఆటోసైజ్‌కాలమ్స్‌మోడ్ ఏముందో కూడా చెప్పు.

మిర్చి_టిక్కీ

చేశాను అన్నా. ఐదుసార్లకి ఐదుసార్లూ గ్రిడ్.రోస్.యాడ్ దగ్గరే ఆగింది. స్టాప్‌వాచ్ ప్రకారం ఫైలు చదవడానికి 240 మిల్లీసెకన్లు, గ్రిడ్ నింపడానికి 52 సెకన్లు. ఆటోసైజ్ 'ఆల్ సెల్స్' ఉంది. పేర్లు పూర్తిగా కనపడాలని నేనే పెట్టాను.

కాల్‌స్టాక్

అనుకున్నాను. ఆల్ సెల్స్ అంటే కాలమ్ వెడల్పు తేల్చడానికి ఉన్న గళ్లన్నీ కొలుస్తుంది. నువ్వు ఒక్కో వరస ఎక్కించేకొద్దీ ఆ కొలత పని మళ్లీ మళ్లీ మీద పడుతుంది. దాన్ని 'డిస్‌ప్లేడ్ సెల్స్' చేయి, లేదా వెడల్పు చేత్తో ఇచ్చెయ్. లూప్‌లో రోస్.యాడ్ తీసేసి, చదివినవన్నీ ఒక లిస్టులో పెట్టుకుని చివర్లో ఒక్కసారి గ్రిడ్.డేటాసోర్స్‌కి ఇవ్వు. లిస్టులో పెట్టే క్లాసుకి ఫీల్డులు కాకుండా ప్రాపర్టీలు ఉండాలి, లేకపోతే కాలమ్స్ రావు. ఇక్కడ చాలామంది ఒక పూట పోగొట్టుకుంటారు.

మిర్చి_టిక్కీ

సెకను కూడా పట్టట్లేదు! థ్రెడ్ లేదు, ఫాల్స్ లైను లేదు. బాబాయి రెండోసారి నొక్కేలోపే వచ్చేస్తోంది.

అమీర్‌పేట_మాస్టారు

మంచిది. అయితే దీంతో థ్రెడ్ సంగతి తేలిపోయిందనుకోవద్దు. రేపు అదే ఫైలు నెట్‌వర్క్‌లో ఇంకో కంప్యూటర్ నుంచి చదవాల్సి వస్తే మళ్లీ బిగుసుకుంటుంది. అప్పుడు బ్యాక్‌గ్రౌండ్‌వర్కర్ వాడు.

ఫ్రిస్కో_నుంచి

మాస్టారూ, 2012లో సీ షార్ప్ 5తో అవెయిట్ వచ్చాక కూడానా? కొట్లో పాత విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1 ఉన్నా ఫ్రేమ్‌వర్క్ 4.8 ఎక్కుతుంది, అక్కడా పనిచేస్తుంది. క్లిక్ మెథడ్ ముందు అసింక్ పెట్టాలి, మొదటి లైన్లో బటన్ డిజేబుల్ చేయాలి, ఫైలు చదివే మెథడ్‌ని టాస్క్.రన్‌లో పెట్టి అవెయిట్ చేయాలి, వచ్చిన లిస్టుని కింది లైన్లో గ్రిడ్‌కి ఇవ్వాలి. అవెయిట్ తర్వాతి లైను దానంతటదే విండో థ్రెడ్‌లోకి వస్తుంది. నాలుగు లైన్లు.

బీటెక్_మూడో_ఏడు

నేను అలాగే చేసి అవెయిట్ బదులు డాట్ రిజల్ట్ అని పెట్టా. ప్రోగ్రాం శాశ్వతంగా ఆగిపోయింది.

అమీర్‌పేట_మాస్టారు

చూశారా? అవెయిట్ తర్వాతి లైను విండో థ్రెడ్‌కి రావాలని చూస్తుంది, విండో థ్రెడ్ ఏమో రిజల్ట్ దగ్గర కూర్చుని దాని కోసమే చూస్తుంది. ఆ అమ్మాయి టాస్క్.రన్‌ని, దాని అవెయిట్‌ని వేరే అసింక్ మెథడ్‌లో పెట్టి, క్లిక్‌లో ఆ మెథడ్‌కి రిజల్ట్ తగిలించి ఉంటుంది. ఈ ముడి విప్పి చెప్పడానికి నాకు క్లాసులో రెండు రోజులు పడుతుంది. బ్యాక్‌గ్రౌండ్‌వర్కర్‌లో ఈ ముడే పడదు. అందుకే ముందు అదే చెబుతాను, మీరు ఫ్రిస్కో నుంచి ఎంత అరిచినా సరే.

మిర్చి_టిక్కీ

గొడవ పడకండి సార్, రెండూ నేర్చుకుంటాను. ఇంకో సంగతి. గ్రిడ్ కింద మొత్తం లైన్ల సంఖ్య చూపిస్తే ఫైల్లో కంటే 11 తక్కువ వచ్చాయి. ఇన్నాళ్లూ తక్కువే ఉన్నాయేమో, నేను లెక్కపెట్టలేదు. ఇదీ థ్రెడ్ గొడవేనా?

కాల్‌స్టాక్

ఇప్పుడు థ్రెడ్డే లేదు కదా. లైను చదివే చోట ట్రై క్యాచ్ ఉందా?

మిర్చి_టిక్కీ

ఉంది. క్యాచ్ లోపల ఏమీ లేదు. దాంట్లో లైను నంబరు రాయించి చూశాను. తూకం గడిలో అంకె బదులు చిన్న గీత ఉన్న లైన్లు అవి. బాబాయిని అడిగితే, కాటా దగ్గర కరెంటు పోయినప్పుడు చేత్తో రాసిన చీటీలవి, పుస్తకంలో తూకాలున్నాయి అన్నాడు.

పాత_వీబీ

ఖాళీ క్యాచ్ పెట్టమని మాత్రం నేను చెప్పలేదు. అది ముందే పెట్టుకున్నాడు.