ప్రాసెస్‌కు ఎన్విరాన్‌మెంట్ ‘వారసత్వంగా’ వస్తుందా?

పాలిటెక్నిక్ పిల్లల కోసం లినక్స్ పాఠాలు తెలుగులో రాస్తున్న తమ్ముడు ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ‘పేరెంట్ ప్రాసెస్ నుంచి చైల్డ్ ప్రాసెస్‌కు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ వారసత్వంగా వస్తాయి’ అని రాశాడట, ఆ మాట సరిపోతుందా అని. ప్రాసెస్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్, ఇంకోదాన్ని పుట్టించేది పేరెంట్, పుట్టింది చైల్డ్. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటే ప్రాసెస్ తన దగ్గర పెట్టుకునే పేరు-విలువ జతలు. కామెంట్లు ఎటెటో పోతున్నాయి కాబట్టి విడిగా రాస్తున్నా.

ఇంగ్లీషు పుస్తకాల్లో ఇన్‌హెరిట్ అనే ఉంటుంది, తప్పనలేం. కానీ మన నల్లగొండ పల్లెల్లో వారసత్వం అనగానే గుర్తొచ్చేది విరాసత్, అంటే తండ్రి పేరు మీదున్న భూమి కొడుకు పేరు మీదికి మారడం. భూమి అదే, పేరే మారింది, రేపు కొడుకు అందులో బోరు వేసినా అమ్ముకున్నా అదే భూమికి జరిగినట్టు. ఈ లెక్క బుర్రలో పెట్టుకున్న పిల్లలు ఒక ప్రోగ్రామ్ రాసి, అందులో పాత్ (ప్రోగ్రామ్‌లను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే వేరియబుల్) మార్చి, బయటికొచ్చి చూసి ‘షెల్‌లో ఏం మారలేదు సార్’ అంటారు. షెల్ అంటే మనం కమాండ్లు కొట్టే ప్రోగ్రామ్. అననీయండి, మనం నేర్పిన మాటే అట్లుంది.

అసలు జరిగేది చూడండి. షెల్‌లో ప్రోగ్రామ్ పేరు కొట్టి ఎంటర్ నొక్కగానే షెల్ ఫోర్క్‌తో తనలాంటి ఇంకో ప్రాసెస్‌ను పుట్టిస్తుంది, ఆ కొత్తది ఎగ్జెక్ అనే సిస్టమ్ కాల్‌తో మన ప్రోగ్రామ్‌గా మారుతుంది, ఆ కాల్‌లోనే ‘పేరు ఈక్వల్‌టు విలువ’ రూపంలో ఉన్న స్ట్రింగుల జాబితా ఒకటి అందుతుంది. ఆ స్ట్రింగులన్నీ కొత్త ప్రాసెస్ మెమరీలోకి కాపీ అవుతాయి, అక్కడితో సరి. మీరు సీ భాషలో వేరియబుల్ మార్చే సెట్‌ఎన్వ్ ఫంక్షన్ పిలిచినా, పైథాన్‌లో ఓఎస్ డాట్ ఎన్విరాన్‌లో రాసినా మారేది ఆ కాపీయే, ప్రోగ్రామ్ ముగియగానే అదీ పోతుంది. 1979లో వచ్చిన ఏడో ఎడిషన్ యూనిక్స్ నుంచీ పద్ధతి ఇదే.

అందుకే నా ఓటు ‘నకలు’కు. పహాణీ నకలు తెచ్చుకుని దాని మీద రెండెకరాలను పెన్నుతో నాలుగెకరాలని దిద్దుకుంటే ఆఫీసు రికార్డులో గుంట కూడా పెరగదు కదా.

‘నకలు అంటే నకిలీ అనుకుంటారు, ప్రతి అనండి’ అని మహబూబ్‌నగర్ నుంచి ఒక మేడమ్ అన్నారు. నకలు, నకిలీ రెండూ ఒకే ఉర్దూ మాట నుంచి వచ్చినవే గానీ, మనవాళ్లు వాడకంలో వేరు చేసుకున్నారు మేడమ్, నకిలీ విత్తనాలు అంటారు, నకలు విత్తనాలు అనరు. ప్రతి అంటే నాకేం అభ్యంతరం లేదు, కాకపోతే ‘ప్రతి ప్రాసెస్‌కు ఒక ప్రతి’ అని రాయాల్సి వస్తుంది, చదివి చూడండి ఎట్లుందో.

షెల్‌లో కొట్టే ఎక్స్‌పోర్ట్ కమాండ్‌ను తెలుగులో ‘ఎగుమతి’ చేసినాయన మాత్రం దయచేసి మానుకోవాలి. ఎగుమతి చేశాక సరుకు మన దగ్గర ఉండదు. ఇక్కడ షెల్ ‘ఇకముందు పుట్టే ప్రాసెస్‌లకు ఇచ్చే జాబితాలో దీన్నీ చేర్చాలి’ అని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. వేరియబుల్ దాని దగ్గర అట్లనే ఉంటుంది. ఎట్లాగూ కీబోర్డు మీద కొట్టేది ఆ ఇంగ్లీషు మాటే, దాన్ని అట్లనే ఉంచండి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను ‘పర్యావరణ చరరాశి’ అన్నవాళ్ల సంగతి నేను మాట్లాడను, పిల్లలు చెట్లు లెక్కపెట్టాలనుకుంటారు.

‘మరి సోర్స్ అని కొట్టి ఫైలు పేరిస్తే షెల్‌లో వేరియబుల్ మారుతుంది కదన్నా’ అని ఇంకో తమ్ముడు. మారుతుంది, ఎందుకంటే అక్కడ కొత్త ప్రాసెస్ పుట్టనే లేదు, ఫైల్లో ఉన్న వరుసలను షెల్ తనే చదివి తనే అమలు చేస్తుంది. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (ఒక్కో ప్రాజెక్టుకు విడిగా పెట్టుకునే పైథాన్ ఏర్పాటు) యాక్టివేట్ ఫైలును సోర్స్ చేయమనేది అందుకే. ఫోల్డర్ మార్చే సీడీ కమాండ్ షెల్ లోపలే ఉండటానికి కారణమూ ఇలాంటిదే, ప్రతి ప్రాసెస్‌కూ దాని ఫోల్డర్ దానిదే కాబట్టి బయటి ప్రోగ్రామ్ తన ఫోల్డర్ మార్చుకుంటే షెల్ కదలదు. ఎస్ఎస్‌హెచ్ ఏజెంట్ (దూరపు కంప్యూటర్‌లో లాగిన్ కావడానికి వాడే తాళాలను దాచిపెట్టే ప్రోగ్రామ్) ఇంకో దారి పట్టింది, అది ఎక్స్‌పోర్ట్ వరుసలను తెరమీద అచ్చువేస్తుంది, షెల్ వాటిని ఎవాల్ అనే కమాండ్‌తో తీసుకుని తనే అమలు చేసుకుంటుంది. అంటే ఎప్పుడూ మార్చేది పేరెంటే, చైల్డ్ అడగగలదు అంతవరకే. డీబగ్గర్‌తో (నడుస్తున్న ప్రోగ్రామ్ లోపలికి తొంగిచూసే పరికరం) షెల్‌లోకి దూరి సెట్‌ఎన్వ్ పిలిపించే వీరులూ ఉన్నారు, కానీ లినక్స్‌లో ఎక్కువగా వాడే షెల్ అయిన బాష్ తన వేరియబుల్స్‌ను వేరే పట్టికలో పెట్టుకుంటుంది కాబట్టి అదీ నమ్మకం లేదు. విండోస్‌లో వేరియబుల్ మార్చే సెట్ఎక్స్ కమాండ్ కొట్టినా రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటు) మారుతుందే గానీ అప్పటికే తెరిచి ఉన్న విండోకు తెలియదు, కొత్తది తెరవాలి.

తమ్మీ, నీ వాక్యం ఇట్లా పెట్టు: ‘చైల్డ్ ప్రాసెస్ మొదలయ్యేటప్పుడు పేరెంట్ ఎక్స్‌పోర్ట్ చేసిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ నకలు దానికి అందుతుంది, ఆ నకలులో చేసిన మార్పు పేరెంట్‌కు చేరదు.’ రెండో సగం తప్పకుండా ఉంచు, పొడుగైందని కొట్టేయకు.