హేమకుండం నీలి పువ్వు: ‘సరజ్ఝరీ’యా, ‘సరోఝరీ’యా?

కొండదారి:
పోయిన ఆగస్టులో ఉత్తరాఖండ్‌లోని ఘాంఘరియా నుంచి హేమకుండం ఎక్కాను. 4,000 మీటర్లు దాటాక రాళ్ల సందుల్లో మోకాలెత్తున ఒక నీలి పువ్వు కనబడింది. కాడంతా ముళ్లు, పల్చటి రేకులు, మధ్యలో పసుపు కేసరాల కుచ్చు. గైడ్ ‘బ్లూ పాపీ’ అన్నాడు. శాస్త్రనామం మెకనాప్సిస్ అక్యులియేటా. పైన సరస్సు గట్టున కూర్చున్నప్పటి నుంచి పెద్దన మనుచరిత్ర పద్యం ఒకటి నన్ను వదలడం లేదు. ‘అటఁజని కాంచె’... తర్వాత శిఖరం, సరస్సు, ‘పరిఫుల్ల’ అంటూ ఏదో పువ్వు. ఏమిటా పువ్వు? ఈ పాపీని తెలుగులో ఏమనొచ్చు?

తేటగీతి:
అందులో పువ్వు లేదండీ. ‘పరిఫుల్ల కలాప కలాపి జాలమున్’. విచ్చుకున్నది నెమలి పింఛం. సరస్సూ లేదు. ‘అంబరచుంబి శిరస్సరజ్ఝరీ పటల’. సరత్ + ఝరీ, పారుతున్న సెలయేరు.

కొండదారి:
మా తాతగారు ‘శిరస్సరోఝరీ’ అనే చదివేవారు. చిన్నప్పటి నుంచి నా చెవిలో ఉన్నది అదే.

పాతప్రతి:
తాతగారి పాఠాన్ని అంత తేలిగ్గా తోసెయ్యకండి. సరస్ + ఝరీ అంటే సరోఝరీయే, సంధి శుద్ధంగా ఉంది. ‘సరజ్’ అన్నా ‘సరో’ అన్నా లఘువు, గురువు. చంపకమాల ఎక్కడా కుంటుపడదు. అర్థం చూస్తే ఇదే మెరుగనిపిస్తుంది. ఝరి అంటేనే పారేది, దానికి మళ్లీ ‘పారుతున్న’ అని విశేషణం ఎందుకు? శిఖరం మీది సరస్సు నుంచి దూకే ఝరి అంటే బొమ్మ కళ్లకు కడుతుంది. హేమకుండం చూసినవాళ్లు కాదనలేరు.

తేటగీతి:
పెద్దన బొమ్మ కంటే ముందు చప్పుడు వినిపిస్తాడు. ఆ ‘జ్ఝ’ దగ్గర నీళ్లు బండను కొట్టాలి. అక్కడ మొదలైతేనే ‘అభంగ తరంగ మృదంగ’ దాకా మోత సాగుతుంది. ‘సరో’ అంటే అంతా మెత్తబడిపోతుంది. ఇంకో మాట. సరత్, లుఠత్, చరత్: మూడూ శతృ ప్రత్యయాంతాలే, అంటే జరుగుతూ ఉన్న పనిని చెప్పే సంస్కృత రూపాలు. నీళ్లు పారుతూ, అలలు దొర్లుతూ, ఏనుగులు తిరుగుతూ ఉంటాయి. కొండ తప్ప అన్నీ కదులుతున్నాయి. మొదటిదాన్ని తీసేస్తే ఆ వరుస తెగిపోతుంది.

పాతప్రతి:
శతృ వరుస సంగతి బాగా పట్టారు. ఒప్పుకుంటున్నాను. అయినా సరస్సును వదలడానికి మనసు రావడం లేదు.

రోలూపొత్రం:
అడిగిన పువ్వు పేరు ఎవరికీ పట్టలేదా? పాపీ అంటే గసగసాల కుటుంబమే కదా. ‘నీలి గసగస’ అంటే సరిపోతుంది. మా అమ్మమ్మ ‘గసాలు’ అనేది. కన్నడంలో గసగసె, తమిళంలో కసకసా.

పాదలేపం:
మొదటి అక్షరం ‘ఖ’. ఖసులు హిమాలయ జాతి. సభాపర్వంలో ధర్మరాజుకు పిపీలిక బంగారం, అంటే చీమలు తవ్వితీసిన బంగారం, తెచ్చినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. ఖసుల నేల నుంచి దిగి వచ్చిన గింజ కాబట్టి ఖసఖస అయిందని నా నమ్మకం.

పాతప్రతి:
అరబ్బీలో ఖష్‌ఖాష్ అంటారండీ. ఎండిన కాయను చెవి దగ్గర ఊపి చూడండి, లోపలి గింజలే ఆ పేరు పలుకుతాయి. హిందీలో ఖస్ అంటే వట్టివేరు కూడా. దానికి మీ ఖసులు ఏం చేస్తారు?

పాదలేపం:
వట్టివేరు మాట వేరు. నేను నా మాట మీదే ఉన్నాను.

తేటగీతి:
‘నీలి గసగస’ మాత్రం వద్దు. గసగసాలు గింజల పేరు, అదీ ఎప్పుడూ బహువచనమే. నల్లమందు తీసే మొక్క వేరు, ఇది వేరు. మెకనాప్సిస్ అన్న గ్రీకు మాటకే ‘పాపీలా కనిపించేది’ అని అర్థం. ‘లాంటిది’ అని పేరు పెట్టినవాళ్లే అంటుంటే మనం ‘అదే’ అనడమెందుకు? పైగా నీలివార్తలున్న భాషలో ‘నీలి’ అంటే అబద్ధం కూడా. అరువు పేరుతో ఒకసారి దెబ్బతిన్నాం. మన పెరళ్లలో రాత్రిపూట పూసే బ్రహ్మకమలం కాక్టస్ జాతిది. హేమకుండం దారిలో పూసే అసలు బ్రహ్మకమలానికీ దానికీ చుట్టరికమే లేదు.

కొండదారి:
ఆ అసలుదాన్ని కూడా చూశానండీ, పాపీకి పది అడుగుల అవతలే. మీరు ‘కలాపి’ అన్నప్పటి నుంచి ఒకటే ఆలోచన. ఆ రేకులది అచ్చం నెమలికంఠం రంగు, చీరల కొట్లో చెప్పే ఆ రంగే. ‘నెమలికంఠం పువ్వు’ అనొచ్చా? ఏళ్ల తరబడి ఆకులతోనే ఉండి, ఒక్కసారి పూసి, గింజ కట్టాక చచ్చిపోతుందట. దానికి మనదైన పేరు ఒకటి ఉండాలని నా ఆశ.

రోలూపొత్రం:
బాగుందమ్మా. నా గసగస వెనక్కి తీసుకుంటున్నా.

పాతప్రతి:
పేరు ముచ్చటగా ఉంది. కానీ అంత ఎత్తున నెమళ్లుండవు. అక్కడ మెరిసే పిట్ట మోనాల్. పెద్దన నెమళ్లు కింది లోయల్లో ఆడి ఉండాలి. అంటే కాళ్లకు పసరు పూసుకుని హిమాలయానికి వచ్చిన ప్రవరుడు ముందు ఏ ఎత్తున దిగాడన్నది తేల్చుకోవాలి.

పాదలేపం:
‘కటక చరత్కరేణు’ అన్నాడుగా. కటకం కొండ చరియ. ఏనుగులు, సాలవృక్షాలు, నెమళ్లు అన్నీ కిందివే. పసరు కరిగింది మాత్రం మంచు దగ్గర.

తేటగీతి:
కొండదారి గారూ, తాతగారు చదివింది ఏ ముద్రణో చెప్పగలరా?

కొండదారి:
పుస్తకం చూసేవారు కాదండీ, నోటికే చదివేవారు. ఒక పాత క్యాసెట్ అన్నయ్య దగ్గర ఉంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ అక్షరం దగ్గర ఆపి వింటాను.