వెయ్యి మంది చూస్తే 9 ఆర్డర్లు: మిగతావారు ఎక్కడ ఆగిపోతున్నారు?

లక్కబొమ్మ (ఎంవీపీ కాలనీ):
ఏటికొప్పాక బొమ్మలు అమ్మే సైటు తెరిచి ఏడాది దాటింది. గత నెల సుమారు 1,000 మంది వచ్చారు, 9 ఆర్డర్లు. కన్వర్షన్ రేటు 0.9 శాతమన్నమాట. మరో 60 మంది బొమ్మను కార్టులో వేసుకుని మరీ వెళ్లిపోయారు. ‘కొనండి’ బటన్‌ను ఆకుపచ్చ నుంచి నారింజ రంగుకు మార్చి చూశాను, ఫలితం లేదు. మీకు ఏది పనిచేసింది?

గాజువాక చీరలు:
రంగు సంగతి వదిలేయండి. కార్టు దాకా వచ్చారంటే బొమ్మా నచ్చింది, ధరా నచ్చింది. ఇప్పుడే మీ సైటులో 350 రూపాయల బొంగరాల సెట్టు కొనబోయాను. ముందు ఖాతా తెరవమంది, ఓటీపీ అడిగింది, చిరునామా మొత్తం రాయించుకుంది. అప్పుడు చెప్పింది, డెలివరీకి 110 రూపాయలని! పూర్ణా మార్కెట్‌లో సంచిలో వేశాక అసలు ధర చెబితే ఊరుకుంటామా?

లక్కబొమ్మ:
ఆ 110 కొరియర్ వారి లెక్కండీ, నాది కాదు. సెట్టు బరువు పావుకిలో కూడా ఉండదు.

అనకాపల్లి బెల్లం:
అట్టపెట్టె కొలతలు చెప్పండి.

లక్కబొమ్మ:
25, 20, 15 సెంటీమీటర్లు. అన్ని బొమ్మలకూ అదే పెట్టె.

అనకాపల్లి బెల్లం:
దొరికింది దొంగ. మూడూ గుణించి 5000తో భాగించండి, 1.5 కిలోలు. అసలు బరువు, ఈ లెక్క, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే చాలా కొరియర్లు డబ్బు తీసుకుంటాయి. మీరు గాలిని పంపిస్తున్నారు. 15, 15, 10 పెట్టె వాడితే అరకిలో లోపే. (బెల్లంతో నాకీ బాధ లేదు, దాని బరువే దానికి చాలు.)

సీతమ్మధార అమ్మమ్మ:
నేను అమ్మేదాన్ని కాదు, కొనేదాన్ని. ఒకచోట ఫోటోలో జానెడు కనిపించిన ఏనుగు, తీరా వచ్చాక బొటనవేలంత ఉంది. మీ సైటులో 2017లో వచ్చిన భౌగోళిక గుర్తింపు ముద్ర పెద్దగా వేశారు, సంతోషం. ఎత్తెంతో మాత్రం ఎక్కడా లేదు. మనవరాలు చేతికందినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. అంకుడు కర్ర, లక్క, సహజ రంగులు అన్న మాట పేజీ అట్టడుగున దొరికింది. నాకు కావలసింది అదే కదా!

మధురవాడ పచ్చళ్లు:
క్యాష్ ఆన్ డెలివరీ పెట్టండి, ఆర్డర్లు పెరుగుతాయి.

గాజువాక చీరలు:
పెరుగుతాయి, తిరిగీ వస్తాయి. నాకు పండుగ నెలలో పది పార్శిళ్లకు మూడు వెనక్కి వచ్చాయి, రానూపోనూ ఖర్చు నాదే. అందుకే ఇప్పుడు చేరిన పార్శిళ్లనే లెక్కపెడుతున్నాను. యూపీఐతో ముందే కడితే 30 రూపాయలు తగ్గిస్తున్నాను, చాలామంది అటే మళ్లారు.

లక్కబొమ్మ (మూడు వారాల తర్వాత):
పెట్టె మార్చాను. పిన్‌కోడ్ కొడితే డెలివరీ ఖర్చు బొమ్మ పక్కనే కనిపిస్తుంది. ఖాతా తెరవకుండానే కొనవచ్చు. ప్రతి బొమ్మనూ అరచేతిలో పెట్టి ఫోటో తీశాను, ఎత్తు రాశాను. 640 మందికి 13 ఆర్డర్లు. రెండు శాతం దాటింది!

అనకాపల్లి బెల్లం:
శుభం. కానీ నాలుగూ ఒకేసారి మార్చారు, పైగా సంక్రాంతి బొమ్మల కొలువు రోజులు. దేనివల్ల పెరిగిందో ఎలా తెలుస్తుంది? ఫిబ్రవరి లెక్క కూడా చూడండి.

లక్కబొమ్మ:
చూస్తాను. ఈలోగా పాత పెద్ద పెట్టెలు 80 మిగిలిపోయాయి. ఎవరికైనా కావాలా?

మధురవాడ పచ్చళ్లు:
నాకు ఉంచండి, ఆదివారం వచ్చి తీసుకుంటాను.