రిడక్షన్ ప్లేటు బోల్టులు 12.9 గ్రేడువి వేసినా తెగుతున్నాయి, ఎం10కి మారాలా?

గాలిమర:
విమానానికి మార్చిన నాలుగు సిలిండర్ల కారు ఇంజిన్. బెల్టు రిడక్షన్ ప్లేటును (ఇంజిన్ వేగాన్ని ప్రొపెల్లరుకు తగ్గించే బెల్టు అమరికను మోసేది) అల్యూమినియం బ్లాకుకు ఎనిమిది ఎం8 (8 మి.మీ. లావు) బోల్టులతో బిగించాం. ముందు 8.8 గ్రేడువి తెగాయి (గ్రేడు అంకె పెద్దదైతే బోల్టు బలం ఎక్కువ). జింకు పూత ఉన్న 12.9 వేస్తే అవీ అంతే. ప్రతిసారీ బ్లాకులోకి దిగే మొదటి మర దగ్గరే. స్ప్రింగ్ వాషర్లు వేశాం. రంధ్రాలు పెద్దవి చేసి ఎం10 వేయమంటారా?

మరమేస్త్రి:
ముందు తెగిన ముఖం చూడండి. ఒక అంచు నుంచి నున్నగా, వంపు గీతలతో సాగి, చివర కాస్త మాత్రమే గరుకుగా ఉంటే అది ఫెటీగే, అంటే పదేపదే కుదుపులకు లోహం అలిసి పగలడం. మొత్తం లోడులో దాదాపు మూడో వంతు మొదటి మరే మోస్తుంది, అందుకే అక్కడ.

గ్రేడు పెంచితే ఇది ఆగదు. ఎం8 మర తట్టుకునే ఒత్తిడి హెచ్చుతగ్గు సుమారు ±50 మెగాపాస్కల్స్, 8.8కైనా 12.9కైనా. పై గ్రేడుతో వచ్చేది ఇంకాస్త గట్టిగా బిగించే వీలు, అంతే. బిగింపు చాలినంత ఉంటే ఇంజిన్ కుదుపులో కొద్ది భాగమే బోల్టుకు చేరుతుంది. ప్లేటు వెంట్రుకవాసి విడిందా, భారమంతా బోల్టుదే. పైగా ఎలక్ట్రోప్లేటింగు చేసిన 12.9 హైడ్రోజన్ వల్ల పెళుసెక్కి ఇంజిన్ ఆగి ఉన్నా విరగొచ్చు. 10.9 చాలు. స్ప్రింగ్ వాషర్లు తీసేసి గట్టి చదును వాషర్లు వేయండి. ప్లేటు వెనక పెయింటు, గాస్కెట్ ఉంటే గీకేయండి, అవి నలిగేకొద్దీ బిగింపు జారిపోతుంది.

గాలిమర:
టార్క్ (తిప్పే బలం) ఎంత పెట్టాలండీ? మరలకు నూనె రాస్తున్నాం.

టార్క్‌రెంచి:
10.9 ఎం8కి పొడిగా 36 న్యూటన్ మీటర్లు, నూనె రాస్తే 27. పొడి అంకెను నూనె మర మీద పెడితే బోల్టు సాగి పాడవుతుంది. తిప్పే బలంలో పదో వంతే బోల్టును లాగుతుంది, మిగతాదంతా రాపిడికే పోతుంది. అల్యూమినియంలో మర కనీసం 16 మి.మీ. దిగాలి. రంధ్రం అడుగున నూనె నిలవకూడదు.

మరమేస్త్రి గారు బోల్టు పొడవు సంగతి వదిలేశారు. ప్లేటు 10 మి.మీ. మందమే అయితే ఆ బిగింపుకు బోల్టు సాగేది 0.03 మి.మీ. ఎక్కడో 0.01 నలిగితే మూడో వంతు బిగింపు గోవిందా! తల కింద 30 మి.మీ. స్టీలు గొట్టం పెట్టి పొడుగు బోల్టు వేస్తే సాగేది 0.12 అవుతుంది, అదే నలుగుడుకు పోయేది పన్నెండో వంతు. ఎం10 అయితే ఇంకా బిరుసు, అది వద్దు. పక్కకు జారే బలానికి రెండు డోవెల్ పిన్నులు (ప్లేటు పక్కకు కదలకుండా పట్టే చిన్న కడ్డీలు) పెట్టండి.

క్రాంకు:
ఇంజిన్ 4500 ఆర్‌పీఎంలో ఉంటే చుట్టుకు రెండు దెబ్బల చొప్పున గంటకు 5,40,000. ఫెటీగ్ తేలడానికి చూసే కోటి దెబ్బలు దాటడానికి 19 గంటలు చాలు. నేల మీద గంటసేపు నడిపి బాగుందనుకుంటే లాభం లేదు. ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గర ప్లేటు, బెల్టు దడదడలాడితే అది టోర్షనల్ రెజొనెన్స్ (మెలితిరిగే కుదుపు ఇంజిన్ దెబ్బలతో లయ కలిసి పెరిగిపోవడం) కావచ్చు. అక్కడ నిలపకుండా దాటించాలి. అది క్రూయిజ్‌లోనే (మామూలుగా ఎగిరే వేగంలోనే) పడితే ఫ్లైవీల్ బరువో కప్లింగో మార్చక తప్పదు, బోల్టులతో తీరదు.

ఒకటి తెగితే ఎనిమిదీ మార్చండి, మిగిలినవాటిలోనూ పగుళ్లు మొదలై ఉంటాయి. మొదటిసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక టార్క్ మళ్లీ చూడండి. తల మీద పెయింటు గీత కదల్లేదని నమ్మకండి. బోల్టు తిరక్కుండానే బిగింపు పోవచ్చు.