ఒకే బ్యాచ్‌లో ఒకే నోడ్ రెండుసార్లు మారితే సర్వర్‌లో ఎలా ప్రాసెస్ చేయాలి?

నమస్కారం అండీ. వైజాగ్ కొండవాలు కాలనీల మెట్లదారులను మ్యాప్‌లోకి ఎక్కించడానికి మేం కొందరం ఓ సర్వర్ రాస్తున్నాం. ఆరిలోవ వైపు అంబులెన్సు ఏ మెట్ల దగ్గర ఆగాలో డ్రైవరుకు తెలియాలంటే ఈ దారులు సరిగ్గా ఉండి తీరాలి.

పద్ధతి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఎవరైనా మార్చగల ఉచిత మ్యాప్) ఏపీఐ 0.6 దే. అందులో ఒక్కో బిందువు నోడ్, నోడ్‌లను కలిపే గీత వే, ఇలాంటివాటిని కలిపి కట్టిన గుంపు రిలేషన్. ఒకే అప్‌లోడ్‌లో క్రియేట్, మోడిఫై, డిలీట్. కొత్తవాటికి తాత్కాలికంగా మైనస్ ఐడీలు. ఒక్కటి తప్పినా మొత్తం రోల్‌బ్యాక్, అంటే ఏదీ సేవ్ కాదు. పంపిన వెర్షన్ నంబరు డేటాబేస్‌లోదానితో కలవకపోతే 409 ఎర్రర్, ఏదైనా వే వాడుకుంటున్న నోడ్‌ని తీసేయబోతే 412.

ఒక్కో ఎలిమెంట్‌కి ఒక్కో క్వెరీ వేస్తే ఫలితం సరిగ్గానే వస్తోంది, కానీ పెద్ద బ్యాచ్‌కి మరీ నెమ్మది. అందుకని నోడ్, వే, రిలేషన్ వరసలో గుంపులు కట్టి రాస్తున్నాం. చిక్కంతా ఇక్కడే. ఒక నోడ్‌ని ముందు వెర్షన్ 3 మీద మార్చి (దాంతో అది 4 అవుతుంది), అదే ఫైల్‌లో కాస్త కింద 4 మీద మళ్లీ మారుస్తారు. వరసగా చూస్తే అందులో తప్పేం లేదు. గుంపుగా డేటాబేస్‌తో పోల్చితే మాత్రం రెండోదానికి 409 వచ్చేస్తోంది.

వెర్షన్లను ముందు మెమరీలో నడిపించి చూసి, ఆఖరి స్థితిని మాత్రమే ప్రస్తుత టేబుల్‌లో రాయడం మంచిదా? హిస్టరీ టేబుల్‌లో మధ్యలోని వెర్షన్ కూడా ఉండాలి, దాన్ని వదులుకోలేం. లేక రిపీట్ అయిన ఐడీ కనబడగానే గుంపుని అక్కడికి తెంచేయాలా?

ఇంకోటి: ఇద్దరు ఒకే వీధిని ఒకేసారి పంపితే మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో డెడ్‌లాక్ (ఒకరి లాక్ కోసం ఒకరు ఆగిపోవడం) వస్తోంది. ఐడీలను వరసలో పేర్చి ముందే సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో లాక్ చేస్తే చాలుతుందా, వే కింద ఉన్న నోడ్‌లను కూడా పట్టుకోవాలా? ఇలాంటిది నడిపినవాళ్లు దయచేసి చెప్పండి.