తొమ్మిదేళ్ల బాబుకి మెట్లెక్కితే ఆయాసం, రాత్రి గురక. ఒళ్లు వల్లా, ఆస్తమానా?

కూకట్‌పల్లి అమ్మ:
మావాడికి తొమ్మిదేళ్లు, 46 కిలోలు. మొన్న లిఫ్టు పాడై మూడంతస్తులు ఎక్కి వచ్చాడు, గుమ్మంలోనే కూలబడి రొప్పుతున్నాడు, కాసేపు మాటే రాలేదు. డాక్టరుగారు ఆస్తమా కావచ్చని ఇన్‌హేలర్ రాసి రెండు నెలలైంది, పెద్ద తేడా లేదు, ఆపేద్దామా అనిపిస్తోంది. మా అత్తగారేమో "బొద్దుగా ఉన్నాడు, దిష్టి పెట్టకు" అంటారు. నాకు టెన్షన్‌గా ఉంది.

ఊదుడు గది:
ఆపకండి అక్కా, అది డాక్టరుతో మాట్లాడాకే. స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష, చేయించారా? నా పనే అది. కంప్యూటర్లో కొవ్వొత్తులు ఆర్పే ఆటలా ఉంటుంది, ఆరేళ్ల పిల్లలు కూడా ఊదేస్తారు. లావు పిల్లల్లో తమాషా ఏంటంటే, ఊదే మొత్తం గాలి చాలాసార్లు మామూలుగానే, ఒక్కోసారి ఎక్కువే ఉంటుంది, కానీ అందులో మొదటి సెకనులో బయటికొచ్చే వాటా తగ్గుతుంది. ఊపిరితిత్తులు పెరిగినంతగా గాలి గొట్టాలు వెడల్పవ్వవన్నమాట, దీన్ని డిసనాప్సిస్ అంటారు. గాలి గొట్టాలు తెరిచే మందు పీల్చాక 15 నిమిషాలాగి మళ్లీ ఊదిస్తాం. అప్పుడు బాగా పెరిగితే ఆస్తమా అనుమానం బలపడుతుంది, పెరగకపోతే అది ఆస్తమా కాదని మాత్రం అప్పుడే తేల్చేయలేం. పొట్ట కొవ్వు డయాఫ్రమ్‌ని, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరాన్ని, పైకి నెడుతుంది కాబట్టి వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఇంకా బరువవుతుంది.

ఇద్దరు పిల్లల నాన్న:
ఆయాసం సంగతి సరే, మీరు గురక అని ఒక్క ముక్కలో వదిలేశారేంటండీ? మా పాపకీ ఇంతే, నోరు తెరుచుకుని పడుకునేది, గురక ఉన్నట్టుండి ఆగిపోయి మళ్లీ గుటుక్కున ఊపిరి తీసుకునేది, క్లాసులో తూగేది, ఎనిమిదేళ్లొచ్చినా పక్క తడిపేది. మేం బద్ధకం అని తిట్టాం, ఇప్పటికీ బాధే. స్లీప్ స్టడీలో అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, అని తేలింది, అడినాయిడ్స్, అంటే ముక్కు వెనక ఉండే కండ, తీశారు. లావు పిల్లలకి ఆపరేషన్ తర్వాతా కొంత మిగలొచ్చని ముందే చెప్పారు, మిగిలింది కూడా. బరువు తగ్గాకే నిద్ర కుదిరింది. పడుకున్నాక ఒక వీడియో తీసి డాక్టరుకి చూపించండి.

కూకట్‌పల్లి అమ్మ:
నిన్న రాత్రి తీశాను. గురక ఆగి ఛాతీ మాత్రం ఎగరేస్తున్నాడు, నేను పదకొండు లెక్కపెట్టాక ఊపిరందింది. సోమవారం తీసుకెళ్తున్నాం. వీడియో అత్తగారికీ చూపించాను, ఏమీ అనలేదు. పొద్దున వాడి పాలలో మాత్రం పంచదార వేయలేదు.